ఎముకకు ఖాళీ పడదు
హార్మోన్ చికిత్స, ట్రాన్స్‌జెండర్ల ఎముకల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే భయం ఉంది: "హార్మోన్లు వాడితే ఎముకలు గుల్లబారిపోతాయట కదా?" అసలు ప్రమాదం హార్మోన్ వాడటంలో లేదు, ఏ హార్మోనూ లేకుండా ఒంటిని ఖాళీగా వదిలేయడంలో ఉంది. కింది జవాబులు చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. మందుల మోతాదులు మీరు డాక్టరుతో తెలిసి మాట్లాడటానికి రాశాం. దుకాణంలో సొంతంగా కొనుక్కోవడానికి కాదు.

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను, వయసు 36. తొమ్మిదేళ్ల కిందట నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తొలగించడం) అయింది. మా గురువు చెప్పిన గర్భనిరోధక మాత్రలు రోజుకు మూడు వేసుకునేదాన్ని. కాళ్లు వాస్తున్నాయని ఆరేళ్ల కిందట మానేశాను. ఇప్పుడు నడుం నొప్పి. కింద కూర్చుంటే లేవడం కష్టంగా ఉంది. ఎముకలు పాడైపోయాయా? (గుంటూరు)

జవాబు: ముందు నొప్పి సంగతి చూద్దాం. ఎముక గుల్లబారడం దానంతట అది నొప్పి పుట్టించదు, విరిగేదాకా బయటపడదు. నడుము, తుంటి చుట్టూ లాగేస్తున్నట్టు ఉండటం, గొంతుకూర్చుంటే లేవలేకపోవడం డీ విటమిన్ బాగా తగ్గి ఎముక మెత్తబడినవాళ్లలో కనిపించే లక్షణాలు. అదే అయితే చికిత్సతో బాగా నయమవుతుంది. అలా కాకుండా, బిందె ఎత్తినప్పుడో గట్టిగా తుమ్మినప్పుడో వీపులో ఒకే చోట ఉన్నట్టుండి నొప్పి మొదలైనా, వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గినా వెన్నుపూస కుంగిందేమో చూడాలి. దానికి వెన్నెముకకు పక్క నుంచి తీసే మామూలు ఎక్స్‌రే చాలు, ఆలస్యం చేయకండి.

ఇక ఆ ఆరేళ్ల సంగతి. ఎముక రాయి లాంటిది కాదు. దాన్ని తినే కణాలు, కట్టే కణాలు రోజూ పనిచేస్తూనే ఉంటాయి. తినే కణాలకు కళ్లెం వేసేది ఈస్ట్రోజన్. ఇది ఆడవాళ్ల ఒంట్లోనే కాదు, మగవాళ్ల ఒంట్లో కూడా అంతే. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లోనే ఈస్ట్రోజన్‌గా మారి మగవాళ్ల ఎముకను కాపాడుతుంది. అమెరికాలో 1994లో ప్రచురితమైన ఒక కేసు దీన్ని తేల్చింది. 28 ఏళ్ల ఆ పురుషుడికి టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది, కానీ ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకం పుట్టుకతోనే పనిచేయదు. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముకల వయసు 15 ఏళ్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అప్పటికే ఎముకలు గుల్లబారాయి.

నిర్వాణంలో వృషణాలు పోయాయి కాబట్టి మీకు టెస్టోస్టిరాన్ వచ్చే ప్రధాన మార్గం మూతపడింది. మాత్రలు మానేశాక బయటి నుంచి ఈస్ట్రోజనూ రావడం లేదు. స్త్రీకి ముట్లాగిపోవడం యాభై దగ్గర్లో జరుగుతుంది, మీకు అది ముప్పైలోనే వచ్చినట్టు లెక్క. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్లు అణిచే ఇంజెక్షన్లు తీసుకునే పురుషుల్లో మొదటి ఏడాదిలోనే నడుము ఎముక సాంద్రత 2 నుంచి 4 శాతం దాకా తగ్గుతుంది. ఆ తర్వాత వేగం తగ్గినా నష్టం ఆగదు. కాబట్టి మీ ఎముకలు కొంత పలచబడి ఉండే అవకాశం ఎక్కువ. అయినా 36 ఏళ్లకు చేయగలిగింది చాలా ఉంది.

ఎండోక్రైనాలజీ విభాగానికి వెళ్లి ఈ పరీక్షలు అడగండి: కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, డీ విటమిన్, పారాథైరాయిడ్ హార్మోన్, థైరాయిడ్, ఎస్ట్రాడయాల్ (ఒంట్లోని ప్రధాన ఈస్ట్రోజన్), టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్. వీటితోపాటు నడుముకు, తుంటికి డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే). ఎల్‌హెచ్‌ను చాలామంది వదిలేస్తారు, కానీ అది పనికొచ్చే సూచిక. అది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్. ఒంట్లో సెక్స్ హార్మోన్లు చాలకపోతే పైకి ఎగబాకుతుంది. వృషణాలు లేని మనిషిలో ఎల్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటే, ఇస్తున్న ఈస్ట్రోజన్ సరిపోవడం లేదని అర్థం. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉన్న ట్రాన్స్ వ్యక్తుల్లో ఎముక నష్టం కూడా ఎక్కువని 1990ల్లోనే డచ్ డాక్టర్లు గమనించారు.

డీ విటమిన్ తక్కువుంటే ముందు దాన్ని సరిచేస్తారు. ఆ తర్వాత ఈస్ట్రోజన్. పాత గర్భనిరోధక మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి. వాటిలో ఉండేది ఇథినైల్ ఎస్ట్రాడయాల్, రక్తనాళాల్లో గడ్డలు కట్టించే గుణం దానికి ఎక్కువ. మాలా-ఎన్ లాంటి ప్యాకెట్‌లో 28 మాత్రలుంటే 21 మాత్రమే హార్మోన్ మాత్రలు, మిగతా ఏడూ ఇనుము మాత్రలు. రోజుకు మూడు చొప్పున మింగేవారికి కొన్ని రోజులు మూడింతలు పడితే, కొన్ని రోజులు అసలు పడదు. పైగా రక్తంలో ఎస్ట్రాడయాల్ పరీక్ష ఈ రకం ఈస్ట్రోజన్‌ను పట్టుకోదు. రిపోర్టులో అంకె తక్కువగా కనిపిస్తుంది, అది చూసి ఇంకో మాత్ర పెంచుతారు. ఇలాగే గడ్డలు కడతాయి. మీ కాళ్ల వాపు రెండు వైపులా సమానంగా ఉండేదా, ఒక్క కాలికేనా అన్నది గుర్తు తెచ్చుకుని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టి ఉంటే అది గడ్డ కావచ్చు. అప్పుడు మందు ఎంపికే మారుతుంది.

ఇప్పుడు వాడేది ఎస్ట్రాడయాల్. మాత్రలైతే సాధారణంగా రోజుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 4 నుంచి 6 దాకా పెంచుతారు. పొగతాగేవారికి, నలభై దాటినవారికి, గడ్డల భయం ఉన్నవారికి చర్మానికి రాసే జెల్ మేలు. రక్తంలో ఎస్ట్రాడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. వృషణాలు లేవు కాబట్టి స్పిరోనోలాక్టోన్, సైప్రోటిరోన్ వంటి టెస్టోస్టిరాన్ అణిచే మందులు మీకు అక్కర్లేదు. ఈస్ట్రోజన్ లేకుండా సైప్రోటిరోన్ ఒక్కటే నెలల తరబడి వాడటం నిర్వాణం కానివారికి కూడా ఎముక దెబ్బే. అది కూడా ఖాళీయే.

ఈస్ట్రోజన్ క్రమం తప్పకుండా వాడితే ఎముక కోలుకుంటుందా? ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్ 2017లో ప్రచురించిన లెక్కల ప్రకారం చికిత్స మొదటి ఏడాదిలో ట్రాన్స్ మహిళల నడుము ఎముక సాంద్రత సగటున 3 శాతానికి పైగా పెరిగింది. అదే క్లినిక్‌లో పదేళ్లు గమనించినవారిలోనూ సాంద్రత పడిపోలేదు. అయితే అక్కడివారు మందు ఆపకుండా, పరీక్షలు చేయించుకుంటూ వాడినవారు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే: హైదరాబాద్‌లో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగి 2025 జనవరిలో మూతపడింది. తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం, అది లేకపోతే జనరల్ మెడిసిన్ విభాగం. ఓపీ చీటీ మీద "వృషణాలు తొలగించి 9 ఏళ్లు, 6 ఏళ్లుగా హార్మోన్ లేదు" అని రాయించుకోండి. ఏ డాక్టరు చూసినా ఆ ఒక్క వాక్యంతో విషయం అర్థమవుతుంది.

ప్రశ్న: మేం ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాం. మా పాప (పుట్టినప్పుడు అబ్బాయిగా నమోదైంది) వయసు 13. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్‌లో యుక్తవయసు మార్పులను ఆపే ఇంజెక్షన్ గురించి మాట్లాడుతున్నారు. ఎముకలు ఎదగవని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు. ఎంతవరకు నిజం?

జవాబు: పెద్దవాళ్ల భయానికి ఆధారం ఉంది. ఎముకలు ఎదగవు అన్నంత మాట మాత్రం సరికాదు.

ఎముక నిధిలో అధిక భాగం యుక్తవయసులోనే జమవుతుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి చూస్తే, జమ అత్యంత వేగంగా సాగే ఆ రెండేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు చేరింది. ఆ వేగం శిఖరానికి చేరే వయసు అమ్మాయిల్లో సగటున పన్నెండున్నర, అబ్బాయిల్లో పద్నాలుగు. ట్రిప్టోరెలిన్, ల్యూప్రోలైడ్ లాంటి మందులు పిట్యూటరీని అణిచి ఈ వేగాన్ని ఆపుతాయి. ఎముక కరిగిపోదు, ఉన్నచోటే దాదాపు నిలబడుతుంది. కానీ తోటి పిల్లల ఎముక ముందుకు పోతూ ఉంటుంది. అందుకే వయసువారితో పోల్చే జెడ్-స్కోర్ పడిపోతుంది. రిపోర్టులో మైనస్ 0.5 ఉన్నది మైనస్ 1.3 అయిందంటే ఎముక తరిగిందని కాదు, వెనకబడిందని అర్థం. గ్రాముల అంకె (చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు అన్నది) కూడా చూడమని అడగండి.

తర్వాత హార్మోన్ మొదలుపెట్టాక ఈ వెనకబాటు పూడుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆమ్‌స్టర్‌డామ్ వారు 2023లో ఇరవైల చివరికి వచ్చినవారిని మళ్లీ కొలిచి ఫలితాలు ఇచ్చారు. ట్రాన్స్ పురుషుల్లో సాంద్రత చికిత్సకు ముందున్న స్థాయికి తిరిగి వచ్చింది. ట్రాన్స్ మహిళల్లో తుంటి చాలావరకు కోలుకుంది కానీ నడుము వెన్నుపూసలు వెనకబడే ఉన్నాయి. మీరు పట్టించుకోవాల్సిన విషయం ఇదే. కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. ఈస్ట్రోజన్ మోతాదు తక్కువ కావడం, మందు సరిగా వాడకపోవడం ఉండవచ్చు. ట్రాన్స్ బాలికల్లో, మహిళల్లో చికిత్స మొదలుకాక ముందే ఎముక సాంద్రత తక్కువగా ఉంటుందని బెల్జియంలోని గెంట్ నుంచి వచ్చిన పరిశీలనలు చెబుతున్నాయి. ఆటలకు దూరంగా ఉండటం, ఇంట్లోనే ముడుచుకుపోవడం, డీ విటమిన్ లోపం అందుకు కొంత కారణం. ఒంటి మీద సిగ్గుతో ఆటలు మానేసిన పిల్లల ఎముక అలా కూడా బలహీనపడుతుంది.

క్లినిక్‌లో ఇవి అడగండి. ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే ఒక డెక్సా, ఆ తర్వాత ఏడాది రెండేళ్లకోసారి. ఎత్తు మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు. పాప ఎత్తు తక్కువైతే వెన్నుపూస పరిమాణాన్ని బట్టి సరిచేసిన సాంద్రత లెక్క కావాలనండి. డెక్సా చదరపు సెంటీమీటర్లలో కొలుస్తుంది కాబట్టి చిన్న ఎముకను పలచని ఎముకగా చూపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఇంజెక్షన్ ఒక్కటే ఎన్నాళ్లు? మంచి చికిత్స పథకంలో దానికి ముగింపు ఉంటుంది. ఒకటి, ఆపేస్తే సొంత యుక్తవయసు మొదలవుతుంది. రెండు, ఈస్ట్రోజన్ చేర్చి మోతాదును పెద్దవాళ్ల స్థాయికి మెట్టుమెట్టుగా తీసుకెళ్తారు. ఏ హార్మోనూ లేని నడిమధ్య స్థితి నాలుగైదేళ్లు సాగితే ఎముక మీద భారం పెరుగుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగేది: రోజూ నలభై నిమిషాలకు తక్కువ కాకుండా పరుగు, తాడాట, బాస్కెట్‌బాల్ లాంటి ఎగిరే ఆటలు. సైకిల్, ఈత గుండెకు మంచివే కానీ బరువు, తాకిడి పడనందున ఎముకకు అంతగా ఉపకరించవు. నెదర్లాండ్స్‌లో అందరూ సైకిల్ తొక్కుతారని ఊరుకోకండి. అక్కడి చలికాలపు ఎండలో డీ విటమిన్ దాదాపు తయారు కాదు, మన చర్మపు రంగుకు మరీ కష్టం. కాబట్టి రక్త పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదు ఇవ్వండి.

ఇంగ్లండ్‌లో 2024 మార్చి నుంచి ఈ ఇంజెక్షన్లను మామూలు చికిత్సగా ఇవ్వడం ఆపేశారు. ప్రైవేటు చీటీలపై అదే ఏడాది మేలో పెట్టిన తాత్కాలిక నిషేధాన్ని డిసెంబరులో గడువు లేకుండా పొడిగించారు. అక్కడ ఎత్తిచూపిన అనుమానాల్లో ఎముక సాంద్రత ఒకటి. కాబట్టి మీ ఇంటి పెద్దవాళ్లది అర్థంలేని భయమని కొట్టిపారేయకండి. అలాగని ఎముక ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రావద్దు. పాప మనసు, ఆమె పడుతున్న బాధ కూడా అదే తక్కెడలో ఉన్నాయి.

ప్రశ్న: ట్రాన్స్ పురుషుడిని, వయసు 18, ఎత్తు 154 సెంటీమీటర్లు. పన్నెండేళ్లకే నెలసరి మొదలైంది. టెస్టోస్టిరాన్ తీసుకుంటే ఎత్తు పెరుగుతానా? (విజయవాడ)

జవాబు: పెరగరు. నెలసరి మొదలైన తర్వాత సాధారణంగా మరో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు, అదీ రెండు మూడేళ్లలోనే. ఎముక చివర ఉండే ఎదుగుదల పలకను మూసేసేది ఈస్ట్రోజన్. పైన చెప్పిన 204 సెంటీమీటర్ల మనిషి ఎందుకు పెరుగుతూనే ఉన్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. మీ పలకలు ఈపాటికి మూసుకునే ఉంటాయి. అనుమానముంటే ఎడమ మణికట్టు ఎక్స్‌రే ఒక్కటి చెబుతుంది. మూతపడిన పలకను తెరిచే మందు లేదు. గ్రోత్ హార్మోన్ కూడా తెరవదు. అనాస్ట్రజోల్, లెట్రోజోల్ వేసుకుంటే ఎత్తు వస్తుందని జిమ్‌లో ఎవరైనా చెబితే వినకండి. అవి టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజన్‌గా మారడాన్ని అడ్డుకుని, ఎత్తు ఇవ్వకుండా ఎముకను మాత్రం పలచన చేస్తాయి.

కాలి ఎముకను కోసి సాగదీసే ఆపరేషన్ల ప్రకటనలు మీ కంట పడే ఉంటాయి. ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. 5 సెంటీమీటర్లకు యాభై రోజులు సాగదీత, తర్వాత ఆ కొత్త ఎముక గట్టిపడటానికి నెలలు. నరాలు, కీళ్లు బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్ అరుదు కాదు. మేం సలహా ఇవ్వం.

ఇదే ప్రశ్న అటువైపు నుంచి కూడా వచ్చింది. ఇరవై ఐదేళ్లకు ఈస్ట్రోజన్ మొదలుపెట్టిన ట్రాన్స్ మహిళకు భుజాలు సన్నబడవు, కటి ఎముక వెడల్పు కాదు. తుంటి దగ్గర కనిపించే మార్పు కొవ్వుది.

ప్రశ్న: నాలుగేళ్లుగా టెస్టోస్టిరాన్ మీద ఉన్నాను. రెండేళ్ల కిందట గర్భసంచి, అండాశయాలు తీయించుకున్నాను. ఉద్యోగం మారి ఊరు మారడంతో ఎనిమిది నెలలుగా ఇంజెక్షన్ వేయించుకోలేదు. గడ్డం ఉంది, గొంతు మారింది, ఇక దానితో పనేముంది అనిపిస్తోంది. (కర్నూలు)

జవాబు: గడ్డం, గొంతు నిలుస్తాయి. ఎముక నిలవదు. అండాశయాలు ఉన్నప్పుడు ఇంజెక్షన్ తప్పితే అవి మళ్లీ పని అందుకుంటాయి, నెలసరి తిరిగి వస్తుంది. అది మీకు ఇబ్బందే అయినా ఎముకకు రక్షణ. ఇప్పుడు ఆ ఆధారం లేదు. మీ ఎనిమిది నెలలు చిన్న వయసులో ముట్లాగిపోయిన స్త్రీ గడిపే ఎనిమిది నెలలతో సమానం. ఒళ్లు వేడెక్కడం, నిద్ర పట్టకపోవడం, నీరసం ఉంటే అవీ అందువల్లే. టెస్టోస్టిరాన్ ఎముకకు హాని చేస్తుందేమోనని మీకు సందేహం ఉంటే, అది కూడా వదిలేయండి. దానిలో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది, కండను పెంచి ఎముక మీద బరువు వేస్తుంది. క్రమం తప్పకుండా వాడే ట్రాన్స్ పురుషుల్లో ఎముకలు విరగడం తోటి స్త్రీల కన్నా ఎక్కువగా లేదు.

మళ్లీ మొదలుపెట్టే ముందు రక్తంలో హిమోగ్లోబిన్, హెమటోక్రిట్, కాలేయం, కొలెస్టిరాల్ చూస్తారు. హెమటోక్రిట్ మరీ ఎక్కువైతే రక్తం చిక్కబడుతుంది. మందు తరచూ తప్పిపోయేవారికి ఏ రకం ఇంజెక్షన్ అన్నది ముఖ్యం. ఎనాంథేట్, సిపియోనేట్ రకాలు వారానికి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, లేదా రెండు వారాలకు 100 నుంచి 200. అండెకనోయేట్ 1000 మిల్లీగ్రాములు ఒకసారి వేశాక ఆరు వారాలకు రెండోది, ఆ తర్వాత సుమారు పన్నెండు వారాలకోసారి. ఏడాదికి నాలుగైదు సూదులతో అయిపోతుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఊళ్లు తిరిగే ఉద్యోగానికి ఇదే కుదురుతుంది. మూడు నాలుగు రకాల టెస్టోస్టిరాన్ కలిపిన 250 మిల్లీగ్రాముల సూదిని నెలకోసారి వేసుకునేవారికి చివరి వారంలో స్థాయి బాగా పడిపోతుంది. నెల చివర్లో నీరసం వస్తుందంటే డాక్టరుతో చెప్పి మూడు వారాలకు మార్చించుకోవచ్చు. సూదుల నడిమధ్య తీసిన రక్తంలో డెసిలీటరుకు 400 నుంచి 700 నానోగ్రాములు ఉండాలి.

ఇంజెక్షన్ తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. ఊరు మారే ముందు రోజే తర్వాతి మోతాదుకు చీటీ రాయించుకోండి. డెక్సా ఇప్పుడొకటి తీయిస్తే ముందుముందు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ప్రశ్న: నేను డెక్సా టెక్నీషియన్‌ని. మెషీన్‌లో 'పురుషుడు', 'స్త్రీ' రెండే ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్లు వచ్చినప్పుడు ఏది నొక్కాలి? (కరీంనగర్)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు. తప్పుడు రిపోర్టులు చాలావరకు ఈ మీట దగ్గరే పుడతాయి.

ఎముక సాంద్రత కొలతల అంతర్జాతీయ సంఘం 2019లో దీనికి స్పష్టమైన నియమం పెట్టింది. జెడ్-స్కోర్‌కు ఆ మనిషి తన లింగ గుర్తింపుగా ఏది చెబితే ఆ పట్టిక: ట్రాన్స్ మహిళకు స్త్రీల పట్టిక, ట్రాన్స్ పురుషుడికి పురుషుల పట్టిక. డాక్టరు అడిగితే పుట్టినప్పటి లింగంతో రెండో ప్రింటు కూడా ఇవ్వవచ్చు. రెండింటిలోనూ ఇమడని వారికి పుట్టినప్పటి లింగపు పట్టిక. టీ-స్కోర్‌కు (యవ్వనంలో ఉన్నవారి సాంద్రతతో పోల్చే అంకె) మాత్రం ట్రాన్స్‌జెండర్లందరికీ శ్వేతజాతి స్త్రీల ఉమ్మడి పట్టికే. టీ-స్కోర్ మైనస్ 2.5, ఆ కిందికి ఉంటే గుల్లబారినట్టు. యాభై లోపు వారికి ప్రధానంగా చూడాల్సింది జెడ్-స్కోర్. అది మైనస్ 2 గానీ ఇంకా తక్కువ గానీ ఉంటే "వయసుకు ఉండాల్సిన దానికన్నా తక్కువ" అని రాయాలి, "ఆస్టియోపొరోసిస్" అని కాదు.

నడుము, తుంటి కొలతల్లో మీట మారిస్తే మారేది పోలిక మాత్రమే. చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములన్న అంకె అదే ఉంటుంది. కాబట్టి తప్పు పడితే మళ్లీ స్కాన్ అక్కర్లేదు, వివరాలు సరిచేసి రిపోర్టు తిరిగి తీస్తే చాలు. రిపోర్టు అడుగున ఏ పట్టికతో పోల్చారో తప్పక రాయండి. నిరుడు పురుషుల పట్టికతో, ఈ ఏడు స్త్రీల పట్టికతో తీసిన రెండు రిపోర్టులు పక్కపక్కన పెడితే ఎముక ఏడాదిలో మెరుగుపడినట్టు కనిపిస్తుంది. మందు అక్కర్లేదనుకుని ఆపేస్తారు. అందుకే ఏళ్ల మధ్య పోల్చేది గ్రాముల అంకెనే, అదీ అదే మెషీన్‌పై.

మూడు వివరాలు అడిగి రాసుకోండి: హార్మోన్ ఎప్పుడు మొదలైంది, వృషణాలు లేదా అండాశయాలు ఎప్పుడు తీశారు, చివరి మోతాదు ఎప్పుడు. నలభై దాటినవారికి ఫ్రాక్స్ లెక్క (వచ్చే పదేళ్లలో ఎముక విరిగే ప్రమాదం అంచనా) వేసే డాక్టర్లుంటారు. అందులో కూడా లింగం నింపాలి. ట్రాన్స్‌జెండర్ల మీద పరీక్షించి తయారుచేసింది కాదు కాబట్టి రెండు విధాలా లెక్కవేసి రెండూ డాక్టరుకు ఇవ్వండి. గదిలోకి పిలిచేటప్పుడు ఆ మనిషి వాడుతున్న పేరుతోనే పిలవండి, గౌను మార్చుకోవడానికి తలుపున్న గది ఇవ్వండి. వరండాలో అందరి ముందు పాత పేరు వినిపించిన వారు రెండోసారి స్కాన్‌కు రారు.

ప్రశ్న: హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మాత్ర (టీఎల్‌డీ), ఎస్ట్రాడయాల్ రెండూ వాడుతున్నాను. ఎముకలకు దెబ్బేనా? కాల్షియం వేసుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: టీఎల్‌డీలోని టెనోఫోవిర్ వల్ల మొదటి ఒకటి రెండేళ్లలో సాంద్రత కాస్త తగ్గుతుంది, ఆ తర్వాత నిలబడుతుంది. దానికోసం ఏఆర్‌టీ ఒక్కరోజు కూడా ఆపకండి. మీరు వాడుతున్న ఎస్ట్రాడయాల్ ఎముకకు రక్షణే. కాల్షియం వేసుకోవచ్చు, కానీ వేళ చూసుకోండి. కాల్షియం, ఇనుము మాత్రలు పరగడుపున టీఎల్‌డీలోనే ఉండే డోల్యూటెగ్రావిర్‌తో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు, వైరస్ అదుపు తప్పవచ్చు. రెండూ అన్నంతో కలిపి వేసుకుంటే ఇబ్బంది లేదు. లేదంటే టీఎల్‌డీ వేసుకున్నాక రెండు గంటలకు కాల్షియం. కాల్షియం ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ. ఏఆర్‌టీ కేంద్రంలో క్రియాటినిన్ పరీక్ష తప్పించుకోకండి. మూత్రపిండం దెబ్బతింటే దాని వెంట ఎముక కూడా దెబ్బతింటుంది.

ప్రశ్న: మందులతోపాటు ఏం తినాలి? మాది నల్లగొండ జిల్లాలో ఒకప్పటి ఫ్లోరైడ్ ఊరు. అదేమైనా అడ్డమా? నేను ట్రాన్స్ మహిళను, 44 ఏళ్లు, డెక్సాలో అంతా బాగుందన్నారు.

జవాబు: తిండి సంగతి త్వరగా ముగిద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350, గ్లాసు పాలలో 240, కప్పు పెరుగులో దాదాపు అంతే, వంద గ్రాముల మునగాకులో 300కు పైగా, రెండు చెంచాల నువ్వుల్లో వంద దాటి ఉంటుంది. రాగి సంగటి, పెరుగు, మునగాకు పప్పు తినే రోజు మాత్ర అక్కర్లేదు. మాత్ర వేసుకుంటే ఒకసారికి 500 మిల్లీగ్రాములకు మించకుండా, భోజనంతో వేసుకోండి. డీ విటమిన్ కోసం ఎండలో నిలబడాలంటే పొద్దున ఏడు గంటల నీరెండ చాలదు. తిరుపతిలో చేసిన పరిశీలనలో పనికొచ్చే ఎండ పదకొండు నుంచి రెండు మధ్యలో తేలింది. రక్తంలో తక్కువుంటే 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి ఇస్తారు. వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకొకటి అనుకుని వాడి, వాంతులతో, మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరేవారున్నారు. చీటీ రెండోసారి చదువుకోండి.

ఫ్లోరైడ్ మాట ఎత్తడం మంచిదైంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట వివరించింది నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నల్లగొండ ఆ బాధ తరతరాలుగా మోసింది. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని చిక్కగా చేస్తుంది. స్కాన్‌లో సాంద్రత ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఆ చిక్కదనం బలం కాదు. ఎముక పెళుసుగా ఉంటుంది, స్నాయువుల్లో సున్నం చేరి వెన్ను బిగుసుకుపోతుంది. కాబట్టి చిన్నప్పుడు బోరు నీళ్లు తాగిన మీ వంటివారిలో "అంతా బాగుంది" అన్న డెక్సాను నమ్మలేం. ముంజేయి, కటి, నడుము ఎక్స్‌రేలు తీయిస్తే ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం గీతలు కనిపించవచ్చు, కనిపిస్తే అది ఫ్లోరోసిస్ గుర్తు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఇప్పటికీ అది ఒంట్లోకి వెళ్తోందా అన్నది చెబుతుంది. బోరు నీళ్లతో వంట మానండి, నల్లటి టీ తగ్గించండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నా, మెడ తిప్పడం కష్టంగా ఉన్నా స్కాన్ గదిలోకి వెళ్లకముందే డాక్టరుకు ఊరి పేరు చెప్పండి. స్కాన్ బాగుందని ఎస్ట్రాడయాల్ మోతాదు తగ్గించే ఆలోచన డాక్టరుకు ఉంటే, ఆ ఎక్స్‌రేలు చూసేదాకా వాయిదా వేయమనండి.